కారం మానేశారు, నొప్పి బిళ్ళలు మానలేదు: కడుపు లోపలి పొర దేన్ని తట్టుకుంటుంది, దేన్ని తట్టుకోదు?

గుంటూరు_మిర్చి
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. చాలాకాలంగా డైక్లోఫెనాక్ బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారు. చీటీ ఏమీ లేదు, షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఈ మధ్య కడుపులో మంట, పుల్లటి తేన్పులు, అన్నం సగంలోనే చాలంటున్నారు. డాక్టరుకి చూపిస్తే కారం, పచ్చళ్ళు పూర్తిగా మానేయమని ఒక గ్యాస్ బిళ్ళ రాశారు. ఆవకాయ జాడీ అటకెక్కించాం. నొప్పి బిళ్ళల సంగతి మాత్రం వాళ్ళు అడగలేదు, ఈయన చెప్పలేదు, అవి అలాగే నడుస్తున్నాయి.

నాకు అర్థం కానిది ఇదీ. మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళ చేతులు రాత్రంతా మండుతుంటాయి, మా యార్డులో రోజూ చూస్తాను. అదే కారం కడుపులోకి వెళ్తే లోపలి పొర ఎందుకు ఊడిపోదు? అసలు కడుపులో ఉండే యాసిడ్ మాంసాన్నే అరిగిస్తుంది కదా, మరి కడుపుని ఎందుకు అరిగించదు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, పైపైన వద్దు.

తెనాలి_1990
అన్నా, కారం మానాల్సిందే. మా ఇంట్లో ఇద్దరికి అల్సర్ వచ్చింది, ఇద్దరూ గొడ్డుకారం తినేవాళ్ళే. మజ్జిగ, పెరుగన్నం పెట్టండి, అదే తగ్గుతుంది.

ఫిజియాలజీ_పీజీ
తెనాలి గారూ, గొడ్డుకారం మన దగ్గర అల్సర్ రానివాళ్ళు కూడా తింటారు కదా, కాబట్టి దాన్నిబట్టి చెప్పలేం. మిర్చి గారి ప్రశ్నకి మొదటినుంచీ వస్తాను, కాస్త పెద్దదవుతుంది.

మన జఠరం రోజుకి సుమారు రెండు లీటర్ల రసం వదులుతుంది. అందులో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, లోపలి ఖాళీలో పీహెచ్ (యాసిడ్ గాఢతకి కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 1 నుంచి 2 దాకా దిగుతుంది. కానీ లోపలి గోడమీద కణాల పక్కనే కొలిస్తే పీహెచ్ 7కి దగ్గరగా ఉంటుంది. పీహెచ్ లెక్కలో ఐదు అంకెల తేడా అంటే యాసిడ్ గాఢతలో లక్ష రెట్ల తేడా. ఆ తేడాని నిలబెట్టేది ఒక మిల్లీమీటరు మందం కూడా లేని జిగురు పొర. అయితే యాసిడ్‌ని ఆపుతున్నది ఆ జిగురు ఒక్కటే కాదు. పైవరస కణాలు జిగురు వదులుతూనే దాని అడుగున బైకార్బనేట్ కూడా వదులుతాయి, అంటే మనం సోడా ఉప్పు అనుకునే దాంట్లో ఉండే క్షారమే. పైనుంచి యాసిడ్ జిగురులోకి మెల్లగా దిగుతుంది, కిందినుంచి క్షారం ఎదురొస్తుంది, రెండూ ఆ జిగురులోనే కలిసి యాసిడ్ చచ్చిపోతుంది. పెప్సిన్ అనే మాంసం అరిగించే ఎంజైము పెద్ద అణువు కాబట్టి జిగురులోంచి సులువుగా దూరలేదు, పైపైన జిగురునే కొరుక్కుతింటూ ఉంటుంది. అది తిన్నంత మేర కణాలు కిందినుంచి కొత్తది పోస్తుంటాయి.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. యాసిడ్ తయారుచేసే కణాలు గ్రంథుల లోతుల్లో ఉంటాయి. అవి ఒకవైపు యాసిడ్ బయటికి పంపినప్పుడల్లా రెండోవైపు అంతే బైకార్బనేట్ రక్తంలోకి వదులుతాయి. సన్నటి రక్తనాళాలు ఆ రక్తాన్ని అక్కడినుంచి నేరుగా పైవరస కణాలకే తీసుకెళ్తాయి. అంటే యాసిడ్ ఎంత ఎక్కువ తయారైతే దానికి విరుగుడు అంత ఎక్కువగా పైకి చేరుతుంది. ఏర్పాటు అంతా రక్తప్రసరణ మీద నిలబడి ఉందని గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంత చేసినా పైవరస కణాలు ఎక్కువకాలం బతకవు. మూడు నుంచి ఐదు రోజుల్లో పొర మొత్తం మారిపోతుంది. కాబట్టి ‘యాసిడ్ కడుపుని ఎందుకు అరిగించదు’ అంటే, కొంచెం కొంచెం దెబ్బ రోజూ తగులుతూనే ఉంటుంది, దాన్ని మించిన వేగంతో మరమ్మతు జరుగుతూ ఉంటుంది.

తెనాలి_1990
ఇవన్నీ సరే. మరి కారం తింటే మంట ఎందుకొస్తుంది? మంట వస్తోందంటే కాలుతోందనే కదా.

ఫిజియాలజీ_పీజీ
కాదండీ. మంట రావడం వేరు, కాలడం వేరు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ మన నరాల చివర ఉండే ఒక గ్రాహకానికి అంటుకుంటుంది, దాని పేరు టీఆర్‌పీవీ-1. అది మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించేది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని గుర్తించింది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ తగిలితే ఆ నరం ‘వేడి తగిలింది’ అని మెదడుకి చెబుతుంది. అక్కడ నిజంగా వేడీ లేదు, యాసిడ్ పుండూ లేదు. తొడిమలు తీసేవాళ్ళ చేతులు మండేదీ ఇందుకే. అంత మండినా చేతిమీద కాలిన బొబ్బ లేవదు చూడండి.

ఛాతీలో మంట అయితే అది చాలాసార్లు కడుపుది కాదు, యాసిడ్ పైకి అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వచ్చేది. అన్నవాహికకి జఠరానికి ఉన్నంత గట్టి జిగురు కాపలా లేదు. ఆ సమస్య ఉన్నవాళ్ళకి కారం నిజంగానే ఇబ్బంది పెడుతుంది, తగ్గించుకోవడం మంచిదే. దాన్నిబట్టి కారం కడుపులో పుండు చేస్తుందని చెప్పడం మాత్రం తప్పు.

దీన్ని నేరుగా చూసినవాళ్ళు ఉన్నారు. 1988లో అమెరికాలో హ్యూస్టన్ డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందికి వేర్వేరు రోజుల్లో వేర్వేరు భోజనాలు పెట్టారు: చప్పటి భోజనం, చప్పటి భోజనంతో యాస్పిరిన్, కారంగా ఉండే పిజ్జా, 30 గ్రాముల హలపీన్యో మిరపకాయలు నూరి కలిపిన మెక్సికన్ వంట. తర్వాత ఎండోస్కోపీ వేసి చూశారు. కారం తిన్నవాళ్ళ కడుపులో దెబ్బలు పెద్దగా కనబడలేదు, యాస్పిరిన్ వేసుకున్నప్పుడు చాలామందిలో కనబడ్డాయి. మనకి ఇంకా దగ్గరిది, 1984లో ఢిల్లీలో డుయోడినల్ అల్సర్ (చిన్నపేగు మొదట్లో పడే పుండు) ఉన్నవాళ్ళలో ఒక సగానికి రోజుకి మూడు గ్రాముల ఎండుమిరప పొడి అన్నంతో పాటు ఇచ్చారు, రెండో సగానికి ఇవ్వలేదు. ఇద్దరికీ యాంటాసిడ్ మామూలే. నాలుగు వారాలకి పుండు మానడంలో రెండు జట్లకీ తేడా లేదు.

ఎండోస్కోపీ_గది
నేను ఎండోస్కోపీ టెక్నీషియన్‌ని, రోజూ చూసేది చెబుతాను. బాగున్న జఠరం తెరమీద తడితడిగా, లేత గులాబీ రంగులో మెరుస్తూ ఉంటుంది. మడతలమీద పల్చటి జిగురు తీగలు తీగలుగా సాగుతుంటుంది, నీళ్ళు కొట్టి కడిగితేగాని గోడ సరిగా కనపడదు. కొట్టిన కాసేపటికే మళ్ళీ పైన జిగురు చేరడం మొదలవుతుంది.

నొప్పి బిళ్ళలు వాడేవాళ్ళలో ఎక్కువగా కింది భాగంలో, అంటే పేగులోకి తెరుచుకునే ద్వారం దగ్గర, చిన్నచిన్న ఎర్రటి గీతలు, మధ్యలో తెల్లటి పూతతో పైపొర ఊడిన మచ్చలు కనపడతాయి. కొన్నిటి మధ్యలో నల్లటి చుక్క ఉంటుంది, అది కారిన రక్తం యాసిడ్ తగిలి నల్లబడింది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదీ: అలాంటి కడుపుతో వచ్చినవాళ్ళలో కొంతమందికి నొప్పే ఉండదు. రక్తం తగ్గి నీరసంగా ఉందని వచ్చి ఉంటారు. కాబట్టి మంట లేదు కదా, బిళ్ళ పడుతోంది అనుకోవద్దు. మలం తారులాగా నల్లగా, జిగటగా వస్తే, వాంతిలో కాఫీ పొడి రంగు కనపడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్ళకి కూడా నలుపు వస్తుంది, అదీ డాక్టరుకి చెప్పండి.

ఖమ్మం_రైతుబిడ్డ
అన్నా, 2006లో మా దిక్కు చికెన్‌గున్యా వచ్చినప్పుడు ఊరంతా కీళ్ళు పట్టేసి లేవలేకపోయిన్రు. అప్పుడు మొదలైన నొప్పి సూదులు మా అమ్మ ఇప్పటికీ మానలేదు. ఆమె ఏమంటదంటే బిళ్ళ అయితే కడుపులో పడి కడుపు కాలుతది, సూది అయితే రక్తంలోకి పోతది, కడుపుకి ఏం కాదు అని. సూది వేసే ఆయన కూడా అదే చెప్తడు. ఇది నిజమేనా?

మందుల_షాపు
నిజం కాదు తమ్ముడూ. నేను ఫార్మసిస్టుని, ఈ మాట వారంలో ఎన్నిసార్లు వింటానో. బిళ్ళ కడుపుకి తగిలి చేసే హాని కొంత ఉంది. యాస్పిరిన్ లాంటివి యాసిడ్‌లో ఉన్నప్పుడు విద్యుదావేశం లేని రూపంలో ఉంటాయి, అందువల్ల కణం పొరలోంచి సులువుగా లోపలికి దూరతాయి. కణం లోపల పీహెచ్ ఎక్కువ కాబట్టి అక్కడ రూపం మారి మళ్ళీ బయటికి రాలేక పేరుకుపోతాయి, కణం దెబ్బతింటుంది. సూదితో ఈ భాగం తప్పుతుంది, అంతే.

అసలు హాని రక్తంలోంచే వస్తుంది. పైన పీజీ గారు చెప్పిన జిగురు, బైకార్బనేట్, రక్తప్రసరణ మూడింటినీ నడిపించే సందేశాలు ప్రొస్టాగ్లాండిన్లు. వాటిని తయారుచేసే ఎంజైము పేరు కాక్స్. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, యాస్పిరిన్, ఏస్‌క్లోఫెనాక్ అన్నీ నొప్పి తగ్గించేది ఆ ఎంజైముని ఆపే. యాస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982 నోబెల్‌లో ఆయనకి భాగం దక్కింది. మోకాలిలో వాపు తెచ్చే ప్రొస్టాగ్లాండిన్‌ని ఆపిన మందు కడుపుని కాపాడే దాన్నీ ఆపేస్తుంది, ఎందుకంటే మందు రక్తంలో ఉంది, రక్తం రెండుచోట్లా తిరుగుతుంది. సూది అయినా, వెనకనుంచి పెట్టే బిళ్ళ అయినా, కడుపు దాటాక కరిగేలా పూత వేసిన బిళ్ళ అయినా దీన్ని తప్పించుకోలేవు. అమ్మగారికి ఇది నిదానంగా చెప్పు. ఆ సూదుల్లో స్టెరాయిడ్ కలుపుతున్నారేమో కూడా అడుగు. నొప్పి మందుతో స్టెరాయిడ్ కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదం బాగా పెరుగుతుంది.

గుంటూరు_మిర్చి
అంటే మా ఇంట్లో ఆపాల్సింది వదిలేసి, ఆపక్కర్లేనిది ఆపాం అన్నమాట. పీజీ గారూ, రక్తప్రసరణ సంగతి తర్వాత అన్నారు, అది కూడా చెప్పండి.

ఫిజియాలజీ_పీజీ
చెబుతాను. ఇది నాకు ఇష్టమైన భాగం.

అమెరికాలో అప్‌జాన్ అనే మందుల కంపెనీలో ఆండ్రే రాబర్ట్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1979లో ఆయన బృందం ఎలుకల కడుపులోకి ఒక మిల్లీలీటరు నీళ్ళు కలపని ఆల్కహాల్ పంపింది. గంట తర్వాత చూస్తే లోపలి గోడమీద నిలువునా ముదురెరుపు చారలు, లోతుగా చచ్చిపోయిన మాంసం. ఇంకో జట్టుకి ముందుగా కొద్దిగా ప్రొస్టాగ్లాండిన్ ఇచ్చి అదే ఆల్కహాల్ ఇచ్చారు. కంటికి ఆ చారలు కనపడలేదు. ఆల్కహాల్ ఒక్కటే కాదు, గాఢమైన యాసిడ్, గాఢమైన క్షారం, మరిగే నీళ్ళు కూడా పోసి చూశారు, అన్నిటికీ రక్షణ దొరికింది. ఆ ప్రొస్టాగ్లాండిన్ యాసిడ్‌ని తగ్గించనంత తక్కువ మోతాదులో కూడా పనిచేసింది. అప్పటిదాకా చాలామంది దృష్టంతా యాసిడ్ తగ్గించడంమీదే ఉండేది. ‘యాసిడ్ లేకపోతే అల్సర్ లేదు’ అన్న మాట 1910 నుంచీ పాఠంలా నడిచింది. గోడ తనను తాను కాపాడుకునే శక్తిని విడిగా చూడాలని ఈ పని నేర్పింది.

తర్వాత 1983లో వాళ్ళే ఇంకోటి చూపించారు. ముందుగా పల్చటి ఆల్కహాల్, లేదా పల్చటి యాసిడ్, పల్చటి ఉప్పునీళ్ళు లాంటి తేలికపాటి చికాకు కలిగించేది ఇస్తే, ఆ తర్వాత ఇచ్చిన గాఢమైనదాన్ని కడుపు తట్టుకుంది. చిన్న దెబ్బ తగలగానే గోడ తనంతట తాను ప్రొస్టాగ్లాండిన్ తయారుచేసుకుని సిద్ధమైపోతోంది. ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు ముందే ఇస్తే ఈ సిద్ధపడటం రాలేదు. నొప్పి బిళ్ళ వేసుకున్న కడుపు మామూలుగా తట్టుకోగలిగిన దెబ్బల్ని కూడా ఎందుకు తట్టుకోలేకపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రొస్టాగ్లాండిన్ ఇచ్చిన ఎలుకల కడుపుని హార్వర్డ్‌లో లేసీ, ఇటో అనే ఇద్దరు 1980ల మొదట్లో మైక్రోస్కోపు కింద చూస్తే, పైవరస కణాలు అక్కడ కూడా చచ్చిపోయే ఉన్నాయి! కాపాడబడింది కింది పొరలు, అక్కడి రక్తనాళాలు. పైవరస పోయినా, గోడలోని సన్నటి గుంటల్లో బతికి ఉన్న కణాలు చదునుగా సాగి, పక్కకి జరిగి, గంటలోపే చాలా భాగాన్ని కప్పేశాయి. కొత్త కణాలు పుట్టడానికి అంత టైము చాలదు, ఉన్నవే కదిలాయి. కాలువ గట్టు తెగితే ఇసుక బస్తాల కోసం ఎదురుచూడకుండా దగ్గరున్నవాళ్ళే చేరి గండి పూడ్చినట్టు. ఈలోగా పైన చచ్చిన కణాలు, జిగురు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ కలిసి ఒక దళసరి పొరగా పేరుకుని యాసిడ్‌ని దూరంగా ఉంచుతాయి. ఇదంతా జరగాలంటే రక్తం పారుతూనే ఉండాలి. దెబ్బ తగలగానే అక్కడ రక్తప్రసరణ పెరిగి, లోపలికి చొరబడ్డ యాసిడ్‌ని కడిగేస్తుంది, విరుగుడు తెస్తుంది. రక్తం ఆగిపోతే ఎంత జిగురున్నా నిలవదు. ఒళ్ళు బాగా కాలినవాళ్ళకీ, తలకి పెద్ద దెబ్బ తగిలినవాళ్ళకీ, ఐసీయూలో షాక్‌లో (బీపీ బాగా పడిపోయి) ఉన్నవాళ్ళకీ రోజుల్లోనే కడుపులో పుండ్లు రావడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. కాలినవాళ్ళలో వచ్చే అల్సర్‌ని కర్లింగ్ అనే డాక్టరు 1842లోనే రాసిపెట్టాడు.

ఇక మన మిరపకాయ. దెబ్బ తగిలిందని రక్తనాళాలకి చెప్పే నరాలు ఉన్నాయి, ఇందాక చెప్పిన టీఆర్‌పీవీ-1 ఉన్నవి అవే. క్యాప్సైసిన్ కొద్దిగా తగిలితే ఆ నరాల చివరనుంచి సీజీఆర్పీ అనే పదార్థం విడుదలై రక్తనాళాలు విప్పారుతాయి. ఎలుకల్లో కొద్దిపాటి క్యాప్సైసిన్ కడుపుని కాపాడింది. అతిగా ఇచ్చి ఆ నరాల్ని చంపేస్తే కడుపు ఇంకా సులువుగా పుండ్లు పడింది. మనుషుల్లో, 1995లో సింగపూర్‌లో 18 మంది ఆరోగ్యవంతులకి 20 గ్రాముల మిరపపొడి నీళ్ళతో తాగించి, అరగంట తర్వాత 600 మిల్లీగ్రాముల యాస్పిరిన్ ఇచ్చారు. ఇంకోరోజు మిరప లేకుండా నీళ్ళూ యాస్పిరిన్. మిరప తాగిన రోజున కడుపులో దెబ్బ తక్కువ.

తెనాలి_1990
అయితే అల్సర్‌కి కారం మందా? ఆల్కహాల్ కూడా కొంచెం కొంచెం పుచ్చుకుంటే కడుపు గట్టిపడుతుందా? ఇక్కడ చదివిన ఎవరో అలా అనుకునే ప్రమాదం ఉంది, అందుకే అడుగుతున్నాను.

ఫిజియాలజీ_పీజీ
మంచి పని చేశారు. రెండింటికీ సమాధానం ‘కాదు’. సింగపూర్ ప్రయోగం 18 మందిమీద, ఒక్కపూట చేసినది. పుండు ఉన్నవాళ్ళకి అది చికిత్స కాదు. ఎలుకల్లో వచ్చిన ఆ సిద్ధపాటు కూడా కొద్దిసేపే నిలుస్తుంది. మనిషి తాగే ఆల్కహాల్ కడుపుతో ఆగదు, కాలేయం, మెదడు, క్లోమం అన్నీ ఉన్నాయి. నీళ్ళు కలపకుండా, పరగడుపున తాగితే గోడకి నేరుగా దెబ్బే. అదీ నొప్పి బిళ్ళ వేసుకుని తాగితే ఒకవైపు దెబ్బ కొట్టి ఇంకోవైపు కాపలా తీసేసినట్టే, రక్తపు వాంతులతో వచ్చేవాళ్ళలో ఈ జోడీ తరచుగా ఉంటుంది. కారం విషయంలో నేను చెప్పేది ఇంతే: అలవాటైనవాళ్ళు, మంట రానివాళ్ళు భయపడి మానక్కర్లేదు. మంట వస్తే తగ్గించుకోండి.

డల్లాస్_అక్క
ఇక్కడ అమెరికాలో ఐబుప్రోఫెన్ సూపర్‌మార్కెట్లో పెద్ద డబ్బాల్లో దొరుకుతుంది, మనవాళ్ళు ఇండియాకి వచ్చేటప్పుడు అమ్మానాన్నల కోసం అవే పట్టుకొస్తారు. ఈ చర్చ చదివాక నాకు అదే గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. ఇకనుంచి అలా తెచ్చేవాళ్ళు పెద్దవాళ్ళు ఇంకేం మందులు వాడుతున్నారో కనుక్కుని తేవాలి.

నాకు రెండు సందేహాలు. మా అత్తగారు మంట వచ్చినప్పుడల్లా చల్లటి పాలు తాగుతారు. కార్తీకమాసంలో ఉపవాసాలు కూడా ఉంటారు, కడుపు ఖాళీగా ఉంటే యాసిడ్ గోడని తినేస్తుందని మావారు గొడవ. ఏది నిజం?

పల్లె_మాస్టారు
అమ్మా, పాలు తాగగానే యాసిడ్ కాస్త విరిగి హాయిగా ఉంటుంది, కానీ పాలలోని కాల్షియం, ప్రోటీన్ మళ్ళీ యాసిడ్ ఎక్కువ ఊరేలా చేస్తాయి. కాసేపటికి మంట తిరిగొస్తుంది. ఒకప్పుడు అల్సర్ రోగులకి గంటగంటకీ పాలు పట్టించేవారు, ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఒక గ్లాసు తాగితే తప్పేం లేదు, దాన్నే మందనుకోవద్దు.

ఉపవాసం సంగతి. తినకపోతే యాసిడ్ ఊరడం తగ్గుతుంది, తిండి వాసన, నమలడం, కడుపు నిండటం ఇవే దాన్ని ఊరించేవి. జిగురు పొర ఖాళీ కడుపులో కూడా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఒకపూట ఉపవాసంతో పుండు పడదు. అయితే అప్పటికే పుండు ఉన్నవాళ్ళకి ఖాళీ కడుపున నొప్పి లేస్తుంది, వాళ్ళు, షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా ఉపవాసం ఉండకూడదు. పరగడుపున నొప్పి బిళ్ళ వేసుకోవడం అయితే ఎవరికీ పనికిరాదు.

ఇంకో మాట. చుట్ట, బీడీ, సిగరెట్ కూడా బైకార్బనేట్‌నీ, ప్రొస్టాగ్లాండిన్‌నీ తగ్గిస్తాయి, అల్సర్ మానడం ఆలస్యం చేస్తాయి. వయసుతో పాటు ఈ కాపలా శక్తి ఎలాగూ తగ్గుతూ వస్తుంది, అందుకే నా వయసువాళ్ళకి ఈ బిళ్ళలతో ముప్పు ఎక్కువ. నాకు గుండెకి స్టెంట్ వేసి రోజూ 75 మిల్లీగ్రాముల యాస్పిరిన్ ఇస్తున్నారు. అంత చిన్న డోసు కూడా కడుపుని తాకుతుందా?

మందుల_షాపు
తాకుతుంది మాస్టారూ. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో రోజుకి 10 మిల్లీగ్రాముల యాస్పిరిన్ కూడా కడుపులో ప్రొస్టాగ్లాండిన్‌ని బాగా తగ్గించేసిందని తేలింది. కానీ దయచేసి మీరుగా ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం కడుపు పుండు కంటే పెద్దది. కడుపు రక్షణకి బిళ్ళ కలిపి ఇచ్చారా అని మీ గుండె డాక్టరునే అడగండి. ఎవరూ చెప్పకుండా మోకాళ్ళకి ఇంకో నొప్పి బిళ్ళ మాత్రం కలపొద్దు. ముఖ్యంగా ఐబుప్రోఫెన్, అది యాస్పిరిన్ పనికే అడ్డొస్తుంది.

చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నా. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు కణాల్లో యాసిడ్‌ని బయటికి తోసే పంపుల్ని కట్టేస్తాయి, ప్రొస్టాగ్లాండిన్‌ని తిరిగి తేవు. కాపలా తగ్గినా దాడి తగ్గుతుంది కాబట్టి పొర నిలదొక్కుకుంటుంది. టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి, తిన్న తర్వాత వేసుకుంటే సగం వృథా. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు యాసిడ్ మామూలు కంటే ఎక్కువ ఊరుతుంది, అది చూసి జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ మొదలుపెడతారు. ప్రొస్టాగ్లాండిన్‌ని నేరుగా ఇచ్చే మందూ ఉంది, మిసోప్రొస్టాల్. కడుపుని కాపాడుతుంది, కానీ విరేచనాలు పట్టుకుంటాయి, గర్భిణులు అసలు వేసుకోకూడదు, గర్భం పోతుంది. కాక్స్‌లో ఎక్కువగా వాపు దగ్గర పనిచేసే రకం కాక్స్-2, దాన్ని మాత్రమే ఆపే మందులు కడుపుకి కొంత మేలు, అయితే వాటిలో ఒకటైన రోఫెకాక్సిబ్‌ని గుండెపోట్ల కారణంగా 2004లో మార్కెట్ నుంచి తీసేశారు. గుండె, బీపీ, కిడ్నీ ఉన్నవాళ్ళు ఇవీ అడక్కుండా కొనొద్దు.

ఖమ్మం_రైతుబిడ్డ
మరి నొప్పి బిళ్ళ ఎప్పుడూ ముట్టనివాళ్ళకి కూడా అల్సర్ వస్తది కదా? మా బాబాయికి అట్లనే వచ్చింది.

ఫిజియాలజీ_పీజీ
వస్తుంది. ఎక్కువసార్లు కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలో పెర్త్‌కి చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ దీన్ని బయటపెట్టారు. 1982లో మొదటిసారి పెంచగలిగారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ తనే ఆ బ్యాక్టీరియాని తాగి, కొన్ని రోజుల్లో వాంతులు, జఠరంలో వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అది ఉండేది కడుపుని కాపాడే ఆ జిగురులోనే. యూరియేజ్ అనే ఎంజైముతో మన ఒంట్లో సహజంగా ఉండే యూరియాని అమోనియాగా మార్చి తన చుట్టూ యాసిడ్‌ని విరిచేసుకుంటుంది. దాంతో జిగురు కూడా పల్చబడి ఈదడానికి వీలవుతుంది. తర్వాత కణాలకి అంటుకుని ఏళ్ళ తరబడి వాపు ఉంచుతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మందికి పైగా ఇది ఉంటుందని అంచనా, అందరికీ పుండు పడదు. కానీ ఇదీ, నొప్పి బిళ్ళా కలిస్తే ముప్పు విడివిడి వాటికంటే బాగా ఎక్కువ. అందుకని నొప్పి బిళ్ళలు దీర్ఘకాలం వాడాల్సినవాళ్ళు ముందు ఇది ఉందో లేదో చూపించుకుని, ఉంటే మందులతో పోగొట్టుకోవాలి.

గుంటూరు_మిర్చి
నిన్న వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను, ఈసారి బిళ్ళల అట్టలన్నీ కవర్లో వేసుకుని వెళ్ళాం. డైక్లోఫెనాక్ ఆ పూటే ఆపించారు. నొప్పికి పారాసెటమాల్, మోకాలికి రాసుకునే జెల్, తొడ కండరాలకి వ్యాయామం చెప్పారు. వయసునిబట్టి, తిండి సయించకపోవడాన్నిబట్టి ఎండోస్కోపీ రాశారు, అది ఎల్లుండి. ఆ బ్యాక్టీరియా కోసం ఊపిరి పరీక్ష కూడా ఉందట, అయితే దానికి గ్యాస్ బిళ్ళ ఆపాలన్నారు. ఊపిరికీ కడుపులో పురుగుకీ సంబంధమేంటి? బిళ్ళ ఎందుకు ఆపాలి?

ఫిజియాలజీ_పీజీ
కవర్లో అట్టలన్నీ తీసుకెళ్ళడం చాలా మంచి పని, అందరూ చేయాల్సింది.

ఇందాక చెప్పిన యూరియేజే ఈ పరీక్షకి ఆధారం. గుర్తుపట్టగలిగే ప్రత్యేక కార్బన్ ఉన్న యూరియాని తాగిస్తారు. మన కణాల్లో యూరియేజ్ లేదు, కాబట్టి బ్యాక్టీరియా లేకపోతే యూరియా అలాగే ఉండిపోతుంది. ఉంటే దాన్ని విరగ్గొడుతుంది, ఆ కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి చేరి, ఊదిన సంచిలో దొరుకుతుంది. పాంటాప్రజోల్ వాడుతుంటే బ్యాక్టీరియా తగ్గి, నీరసించి ఉంటుంది, ఉన్నా లేదని రావచ్చు. అందుకే రెండు వారాలు ఆపి చేయాలి. యాంటీబయాటిక్ ఏదైనా వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి. మలం పరీక్షకీ ఇదే నియమం. ఎండోస్కోపీలో ముక్క తీసి చేసే పరీక్ష కూడా ఆ బిళ్ళ వల్ల తప్పు చూపించవచ్చు, కాబట్టి నాన్నగారు ఎన్నాళ్ళుగా వాడుతున్నారో ఎల్లుండి ముందే చెప్పండి. మొదటిసారి లేదని వచ్చినా డాక్టరమ్మ ఇంకోసారి చేయమంటే కాదనకండి. ఈలోగా మంట ఎక్కువైతే ఏ యాంటాసిడ్ తాగొచ్చో ఆవిడనే అడగండి.